పదహారో వంతు ట్రాక్టరు

మా పెద్దబాపు రెండో ట్రాక్టరు కొన్న రోజున షోరూం వాళ్లు తాళంచెవులతో పాటు ఒక అట్టపెట్టె కూడా ఇచ్చారు. అందులో అదే ట్రాక్టరు బొమ్మ ఉంది. అదే ఎరుపు, అదే మూతి, పొడవు మాత్రం జానెడు. పెద్దబాపు మా నాన్నకు అన్న. ఆయనకు పిల్లల్లేరు. వాకిట్లో కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపాక, ఆ పెట్టెను నా చేతిలో పెట్టాడు. "నువ్వు మిషిన్ల కంపెనీల చేస్తవ్ గద బిడ్డా, ఇది నీకే" అన్నాడు.

అప్పటికి నేను ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, తనిఖీ విభాగంలో చేరి ఏడాదిన్నర అయింది. పొద్దున్నే ఇబ్రహీంపట్నం చౌరస్తాలో కంపెనీ బస్సెక్కడం, రోజంతా ముక్కలు కొలవడం, సాయంత్రం అదే చౌరస్తాలో దిగి ఆటోలో ఊరికి రావడం. కొలత డ్రాయింగులో ఉన్నట్టే ఉంటే ముక్క పచ్చ ట్రేలోకి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర ట్రేలోకి. ఎర్ర ట్రేలో పడ్డ ముక్క గురించి నాతో ఎవరూ వాదించేవాళ్లు కాదు. ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది అదే.

వచ్చిన ఆదివారం ఏమీ తోచక ఆ బొమ్మను కొలిచాను. తర్వాత టేపు పట్టుకుని పెద్దబాపు వాకిట్లోకి వెళ్లి అసలు ట్రాక్టరును కొలిచాను. బొమ్మ సరిగ్గా పదహారో వంతు. రూపాయిలో అణా ఎంతో అసలు ట్రాక్టరులో ఆ బొమ్మ అంత. కానీ పైపైన చూస్తేనే సరి. వెనక చక్రానికి ఎనిమిది బోల్టులు ఉండాల్సింది ఆరే ఉన్నాయి. పొగగొట్టం పొట్టి. సీటు కింద స్ప్రింగు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ దిమ్మ. స్టీరింగు తిరుగుతుంది గానీ ముందు చక్రాలు కదలవు. నేను చూసేది కంపెనీలో ముక్క అయితే అప్పుడే ఎర్ర ట్రేలో పడి ఉండేది. బొమ్మ కాబట్టి ఎక్కడా పడలేదు, నా అల్మారాలోనే ఉండిపోయింది. దాంతో దాన్ని సరిచేయడం మొదలుపెట్టాను.

మా నాన్న తన వాటా రెండెకరాలు ముందే అమ్మి ఇబ్రహీంపట్నంలో హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్నాడు. రంగులు, గరుకు కాగితం, లప్పం అక్కడే దొరికేవి. మిగిలినవి ఇంట్లోనివే. పెన్నులో స్ప్రింగు సీటు కిందికి వెళ్లింది. కూల్‌డ్రింకు డబ్బా రేకు మడ్‌గార్డు అయింది. పాత సైకిలు ట్యూబు కత్తిరిస్తే చక్రాల వెనక వేలాడే రబ్బరు అయింది. చిన్న సిరంజి గొట్టం నాగలిని పైకి లేపే పంపుగా సరిపోయింది. స్టీరింగుకు చక్రాలు తిరిగేలా చేయడానికి మాత్రం మూడు నెలల ఆదివారాలు పట్టాయి. చివరికి కుట్టుమిషను సూదులు విరిచి లింకులు చేశాను. చక్రం ఎడమకు తిప్పితే ముందు చక్రాలు ఎడమకు తిరిగాయి. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చెప్పినా అందులో ఏముందని అడుగుతారు.

మూడేళ్లలో అవి పదకొండు అయ్యాయి. కోఠిలో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండు దొరికాయి, కొన్ని ఫోనులో ఆర్డరు పెట్టాను, ఒకటి పాత సామాను కొనేవాడి సంచిలో కనిపించింది. మా రోడ్ల మీద నేను చూడని ట్రాక్టరు ఎంత బాగున్నా కొనలేదు. కొన్న ప్రతిదాన్నీ ముందు రంగు ఊడగొట్టి, కొలిచి, ఊళ్లో అదే రకం ట్రాక్టరు ఎవరింట్లో ఉంటే వాళ్లింటికి వెళ్లి సరిచూసుకునేదాన్ని. ఒకరి ట్రాక్టరుకు ఎడమ లైటు ఉండదు, నా బొమ్మకూ ఉండదు. ఒకరు సీటు మీద గోనెసంచి కట్టుకుంటారు, నేనూ గోనె పీచు అల్లి కట్టాను. మట్టి కూడా కలిపిన రంగు కాదు. చెల్క పొలంలో ఎర్రమట్టిని గుడ్డలో జల్లించి, బంకలో కలిపి, పళ్లు తోముకునే బ్రష్షుతో చక్రాల మీద చిలకరించేదాన్ని.

షోకేసులో స్టీలు గ్లాసులు ఉండే అర ఖాళీ చేసి అమ్మ వాటికి ఇచ్చింది. సంబంధాలవాళ్లు వచ్చినప్పుడు మాత్రం అవి మా మేనమామ కొడుకు బొమ్మలని చెప్పేది. పెద్దబాపు వచ్చినప్పుడు షోకేసు వైపు ఒకసారి చూసి, చాయ్ తాగి వెళ్లేవాడు. ఆయనకు అసలుది ఉంది.

ఆ రోజుల్లో మా వైపు భూములు నెల నెలకూ రూపం మార్చుకుంటున్నాయి. రావిర్యాల దాకా ఫ్యాక్టరీలు, శేరిగూడ దాకా కాలేజీలు, మధ్యలో ఎక్కడ చూసినా రంగు జెండాలు పాతిన ప్లాట్ల వెంచర్లు. మా ఊరి పక్కన కూడా ఒక వెంచర్ వచ్చింది. మా నాన్న అమ్మిన రెండెకరాలు చేతులు మారి అందులోనే కలిశాయి. పెద్దబాపు అమ్మలేదు. ఆయన పొలం వెంచర్ వెనక పడింది. ఊరి నుంచి ఆ పొలానికి వెళ్లే బండ్లబాట వెంచర్ తూర్పు అంచు వెంట ఉత్తరానికి నడిచి, మూల దగ్గర ఎడమకు తిరిగి, పడమటి దిక్కున పొలంలో దిగుతుంది. ఆ మూలకు ఎదురుగా, బాటకు అవతలి వైపు, ఇల్లంత పెద్ద బండరాయి. దాన్ని మేం గుండు అంటాం. ఎప్పటి నుంచో బండ్లన్నీ గుండును తప్పించుకుని ఇవతలి నుంచే తిరిగేవి. ఇప్పుడు ఇవతల గోడ రాబోతోంది.

సిమెంటు పలకలు ఒకదాని మీద ఒకటి దించే రెడీమేడ్ గోడ. వెంచర్ వాళ్లు బాటకు పద్నాలుగు అడుగులు వదులుతామన్నారు. మూల దగ్గర ట్రాలీతో తిరగాలంటే ఇరవై కావాలని పెద్దబాపు అన్నాడు. పాత నక్షాలో బాట ఉన్నట్టు గీత ఉంది గానీ వెడల్పు లేదు. వెంచర్ పని చూసుకునే మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఎవరినైనా మీరు అనే అనేవాడు, గొంతు పెంచేవాడు కాదు. మా ఊళ్లో ఆ మర్యాదను కొందరు మోసం అనుకునేవాళ్లు.

తేల్చుకోవడానికి సర్పంచ్ ఒకరోజు అందరినీ అక్కడికే తీసుకెళ్లాడు. గోడ వచ్చే చోట ముగ్గుతో గీత గీశారు. వెంచర్ డ్రైవరు ఒక ట్రాక్టరు, ట్రాలీ తెచ్చి మూల తిప్పాడు. గీత తొక్కకుండా తిరిగింది. తర్వాత పెద్దబాపు తన ట్రాక్టరుతో తిప్పాడు. ట్రాలీ చక్రం మూరెడు లోపలికి గీత తొక్కింది. వెంచర్ ట్రాలీ పొట్టిదని మావాళ్లు, పెద్దబాపు కావాలనే లోపలికి కోశాడని వాళ్లు. పెద్దబాపు ట్రాక్టరు మీద నుంచి దిగి, నలభై ఏళ్ల నుంచి నడుపుతున్నవాడికి మీరు చెబుతారా అని అడిగాడు. సాయంత్రం వాన పడి ముగ్గు కొట్టుకుపోయింది. మర్నాటికి గోడ పలకలు లారీల్లో వచ్చి బాటంతా గుట్టలు పడ్డాయి. ఇంకోసారి ట్రాక్టరు తిప్పి చూద్దామన్నా జాగా లేదు.

నా బొమ్మల సంగతి సర్పంచ్‌కు ఎవరు చెప్పారో తెలియదు. ఆయన ట్రాక్టరు కూడా నా పదకొండింటిలో ఒకటి, బహుశా అందుకే గుర్తొచ్చి ఉంటుంది. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, షోకేసు ముందు నిలబడి, ఎర్ర ట్రాక్టరు స్టీరింగును వేలితో తిప్పి చూశాడు. ముందు చక్రాలు తిరగడం చూసి కుర్చీలో కూర్చున్నాడు.

"మనిషి నడిపితే మనిషికి పంతం ఉంటది" అన్నాడు. "బొమ్మకేం ఉంటది? నువ్వు రెండు దిక్కులకూ మనిషివే. మీ బాపు భూమి వెంచర్ల కలిసె, మీ పెద్దబాపు బాట దాని పక్కపొంటే పాయె. నువ్వు తిప్పి సూపియ్యి."

నాన్న వద్దన్నాడు. ఎటు తిరిగినా ఒకరితో మాట పోతుందని ఆయన భయం. నేను ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే పెద్దబాపుకు మేలు చేయాలని గానీ, ఊరికి ఉపకారం చేయాలని గానీ ఒప్పుకోలేదు. మూడేళ్లు చేసినదానికి ఒక పని దొరికిందని ఒప్పుకున్నాను.

ట్రాలీ బొమ్మ ఒకటి ఉంది గానీ అది వట్టి ఆటవస్తువు. పక్కన పెట్టి కొత్తది చేశాను. పెద్దబాపు ట్రాలీని కొలిచినంత జాగ్రత్తగా కంపెనీలో కూడా ఏదీ కొలిచి ఉండను. పొడవు, వెడల్పు, చక్రాల మధ్య దూరం, కొక్కెం నుంచి ఇరుసు దాకా ఎంత, కొక్కెంలో పిన్ను ఎంత వదులు. పెద్దబాపు అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. టేపు రెండో కొస పట్టుకోమంటే లేచి పట్టుకున్నాడు. ఏం కొలుస్తున్నానో అడగలేదు, నేనూ చెప్పలేదు. రేకు, సన్నపు ఇనుప కమ్మీలతో వారం రోజుల్లో ట్రాలీ తయారైంది. ప్లైవుడ్ పలక మీద బాట గీశాను. పద్నాలుగు అడుగులకు పదిన్నర అంగుళాలు. గోడ మూల దగ్గర చెక్క దిమ్మ నిలబెట్టాను. గుండు దగ్గర వట్టి గీత గీసి, అది దాటకూడదని రాసుకున్నాను.

పంచాయతీ ఆఫీసులో బల్ల మీద పలక పరిచాను. ఇరవై మంది దాకా వచ్చారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట నవ్వులు వినిపించాయి. మేనేజరు మాత్రం నవ్వలేదు. జేబులోంచి స్కేలు తీసి పలక మీద బాట కొలిచి, తర్వాత ట్రాలీ కొలిచి, పదహారుతో హెచ్చవేసి చూసుకుని, సరిగ్గానే ఉందండీ అన్నాడు. దాంతో మిగతావాళ్లు కూడా దగ్గరికి జరిగారు.

నేను ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ కుడి చేత్తో ట్రాక్టరును నెట్టాను. మొదటిసారి ట్రాలీ ఎడమ చక్రం దిమ్మకు తగిలింది. పెద్దబాపు పక్షం వాళ్లలో ఎవరో "చూశారా?" అన్నారు. అప్పుడు నేను ఆగి ఉండవచ్చు. కానీ నేను తిప్పడం సరిగ్గా లేదని నాకు తెలుసు, మూల రాకముందే తిప్పేశాను. వెనక్కి తెచ్చి మళ్లీ చేశాను. ఈసారి గుండు గీత అంచు దాకా వెళ్లి, అసలు డ్రైవరు ఒకపక్క బ్రేకు తొక్కితే తిరిగినట్టు ట్రాక్టరును ఎడమ చక్రం మీద తిప్పాను. ట్రాలీ చక్రం దిమ్మ పక్క నుంచి వెళ్లింది. సందు వడ్లగింజ పొడవంత. అసలు బాటలో నాలుగైదు అంగుళాలు. ఇంకో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ తిరిగింది.

మా పెద్దబాపు కాబట్టి ఆయన వైపు మొగ్గానని ఎవరూ అనకూడదని నాకు గట్టి పట్టుదల ఉండింది. ఆ పట్టుదల కూడా ఒకవైపు మొగ్గడమే అని తర్వాత అర్థమైంది. ఆ పూట మాత్రం సంతోషంగా బొమ్మలు సంచిలో సర్దుకున్నాను.

పద్నాలుగు అడుగులకు కాగితం రాశారు. పెద్దబాపు సంతకం చేశాడు. బయటికి వచ్చి ఇద్దరం కలిసి నడిచాం. ఇంటి మలుపు దగ్గర ఆయన ఆగి, "నువ్వు కొలిచిండ్ల తప్పు లేదు బిడ్డా. గని నాకేందో మనసున పడ్తలే" అన్నాడు. ఏం పడటం లేదో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. కొలత సరిగ్గా ఉన్నప్పుడు మనసు సంగతి ఎందుకని నేను అనుకున్నాను కూడా.

పలకలు నెల రోజుల్లో లేచి నిలబడ్డాయి, ఏడు అడుగుల ఎత్తున. పెద్దబాపు దుక్కి దున్నడానికి, ఎరువు తోలడానికి అదే బాటన తిరిగాడు. జాగ్రత్తగా తిప్పితే తిరుగుతూనే ఉంది. వెంచర్ వాళ్లు ఎదురైతే చేయి ఊపేవాడు కూడా.

వరి కోతలయ్యాక ఒకరోజు కంపెనీ బస్సు దిగగానే నాన్న ఫోను చేసి ఇంటికి కాదు, బాట దగ్గరికి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి పెద్దబాపు ట్రాక్టరు మూల దగ్గర ఆగి ఉంది. ట్రాలీ నిండా వరిగడ్డి. మా వైపు గడ్డి వేసేటప్పుడు ట్రాలీ అంచుల మీద కర్రలు అడ్డం వేసి, రెండు పక్కలా రెండేసి అడుగులు బయటికి వచ్చేలా, ఇంటి కప్పంత ఎత్తు పేరుస్తారు. చక్రాలు గోడను తప్పించుకున్నాయి. గడ్డి తప్పించుకోలేదు. కర్ర కొస గోడ పలకకు పొడుచుకుని, ముందుకూ వెనక్కూ కదలకుండా ట్రాలీ ఇరుక్కుంది. పెద్దమ్మ, ఇద్దరు కూలీలు గడ్డి కట్టలు కిందికి విసురుతున్నారు. పెద్దబాపు ట్రాక్టరు మీదే కూర్చున్నాడు, ఇంజను ఆపేసి.

నేను గోడకూ గడ్డికీ మధ్య నిలబడి పైకి చూశాను. ఖాళీ ట్రాలీని అంగుళం వదలకుండా కొలిచాను. పొలం నుంచి ఖాళీ ట్రాలీ ఎందుకు వస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా దగ్గరున్న పదకొండు ట్రాక్టర్లలో ఒక్కదాని వెనకా ఎప్పుడూ ఏ బరువూ లేదు. మట్టి చల్లాను, గోనె కట్టాను, లైటు తీసేశాను. గడ్డి వేయలేదు.

చీర కొంగు నడుముకు దోపుకుని పెద్దమ్మ కట్టలు అందిస్తుంటే నేనూ అందుకున్నాను. చీకటి పడేలోగా సగం దించాం. మిగతా సగంతో ట్రాలీ బయటపడింది. ఆ ఏడు గడ్డినంతా అలాగే సగం సగం మోశారు. ఒక రోజు పని మూడు రోజులు పట్టింది. బర్రెలకు గడ్డి తక్కువ కాలేదు గానీ పెద్దమ్మ చేతులు పొక్కులెక్కాయి. అవి ఆమె నాకు చూపించలేదు. అన్నం పెట్టేటప్పుడు నేనే చూశాను.

తర్వాతి శనివారం సెలవు పెట్టి వెంచర్ ఆఫీసుకు వెళ్లాను. ట్రాక్టరు, ట్రాలీ, పలక మూడూ తీసుకెళ్లాను. ఈసారి ట్రాలీ మీద గడ్డి ఉంది. ఎండిన గరికను సన్నగా కత్తిరించి, అగ్గిపుల్లలు అడ్డం వేసి, రెండు పక్కలా అంగుళమున్నర బయటికి పేర్చి, బంకతో అతికించాను. మేనేజరు బల్ల మీదే తిప్పి చూపించాను. గరిక దిమ్మకు తగిలింది. ఎలా తిప్పినా తగిలింది. ఆయన కూడా ఒకసారి తిప్పి చూశాడు.

"మీరే కదండీ అప్పుడు తిరుగుతుందని చూపించారు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. జ్ఞాపకం చేశాడంతే.

నేనేనని, తప్పు చూపించానని చెప్పాను. గోడ మూల నాలుగు అడుగులు ఏటవాలుగా కోస్తే సరిపోతుందని కూడా చెప్పాను. ఆయన లేఔట్ కాగితం తీసి పరిచాడు. ఆ మూల వెంచర్‌కు ఈశాన్యం, అక్కడున్న ప్లాటుకూ ఈశాన్యమే. "ఈశాన్యం కోసిన ప్లాటు ఎవరు కొంటారండీ? మా ఓనర్ల సంగతి వదిలేయండి, నేనే కొనను" అన్నాడు. అందులో సాకు ఏమీ లేదు. మా నాన్న కూడా కొనడు.

ఆయన వేలు గుండు దగ్గర నేను గీసిన గీత మీద పెట్టి, ఇదేంటని అడిగాడు. బండరాయి అని, దాటకూడదని చెప్పాను. దాటకూడదా, దాటలేమా అని అడిగాడు. దాని వెనక ఎవరి భూమి అన్నాడు. సర్కారు జాగా, రాళ్లగుట్ట అన్నాను. అది నేను పుట్టకముందు నుంచి అక్కడే ఉంది. దాన్ని తీసి లెక్క వేయాలని నాకు గానీ, పెద్దబాపుకు గానీ, సర్పంచ్‌కు గానీ తట్టలేదు. ఆయన వచ్చి రెండేళ్లే అయింది కాబట్టి తట్టింది.

గీతను రబ్బరుతో చెరిపి, అసలు బాట లెక్కలో అయిదు అడుగులు అవతల కొత్త గీత గీశాను. గరిక ట్రాలీని వెడల్పుగా తీసుకెళ్లి తిప్పాను. దిమ్మకు బొటనవేలంత దూరం మిగిలింది. ఆయన మళ్లీ స్కేలు తీసి కొలిచాడు. ప్లాటుకు నష్టం లేదు కాబట్టి బండ కొట్టే మిషను పంపడానికి పైవాళ్లను అడుగుతానన్నాడు. కానీ సర్కారు జాగాలో రాయి కాబట్టి పంచాయతీ ముందు ఒప్పుకోవాలన్నాడు.

అంటే మళ్లీ అదే గదిలో, అదే బల్ల ముందు నిలబడాలి. నిలబడ్డాను. అంతకుముందు వచ్చినవాళ్లే దాదాపు అందరూ వచ్చారు. పెద్దబాపు తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బొమ్మలు సంచిలోంచి తీయకముందే చెప్పేశాను.

"పోయినసారి నేను ఖాళీ ట్రాలీ కొలిచిన. గడ్డి కొలవలే. తప్పు నాది. మా పెద్దబాపు చెప్పిందే నిజం."

కంపెనీలో అయితే తప్పు కొలిచినవాళ్లు ఒక కాగితం నింపి, కింద సంతకం చేసి ఇస్తే సరిపోతుంది, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఇక్కడ ఇరవై ముఖాలు. సర్పంచ్ గొంతు సవరించుకుని, బొమ్మకు పంతం ఉండదన్నది తనే కదా, గడ్డి సంగతి తనకూ తోచలేదని అన్నాడు. ఊరంతా వ్యవసాయం చేసినవాళ్లే, ఒక్కరూ అడగలేదని వెనక నుంచి ఇంకొకాయన అన్నాడు. అది నన్ను ఊరడించడానికి అన్నాడో, తమను తాము తిట్టుకున్నాడో తెలియలేదు. బొమ్మలు తీసి, తిప్పి చూపించాను. గుండు తీయడానికి ఒప్పుకున్నారు.

పైవాళ్ల అనుమతి రావడానికి నాలుగు నెలలు పట్టింది. తర్వాత రెండు రోజులు మిషను టకటకమని బండను కొట్టింది. పగిలిన రాళ్లను వెంచర్ వాళ్లే కాలువ కట్టకు వాడుకున్నారు. యాసంగి కోతలయ్యాక పెద్దబాపు నిండు గడ్డితో ట్రాలీ తెచ్చాడు. నేను మూల దగ్గర నిలబడ్డాను. ఆయన వేగం తగ్గించి, గుండు ఉండిన చోటి మీదుగా వెడల్పుగా పోనిచ్చి, కుడి బ్రేకు తొక్కి తిప్పాడు. గోడకూ గడ్డికీ మధ్య నుంచి అవతలి పొలం కనిపించింది. ఆయన ఆగలేదు, నా వైపు చూడలేదు. ఊళ్లోకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ భోజనానికి పిలిచింది. తింటున్నప్పుడు పెద్దబాపు, "నేను చెప్పిందే నిజమంటివి గని, ఏం చెప్పాల్నో నాకు గుడ తెల్వలే. నేను ఇరవై అన్న. గడ్డి అనలే" అన్నాడు. "నువ్వు టేపు పట్టుకోమన్ననాడు నేను గడ్డి యాదికి తెచ్చుకుంటే అయిపోతుండె." అంతకంటే ఎక్కువ ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఏడాది తిరిగేసరికి మేనేజరును ఇంకో వెంచర్‌కు మార్చారు. వెళ్లేముందు ఒకరోజు మా ఇంటికి వచ్చి, షోకేసులో ఉన్నవన్నీ నిదానంగా చూశాడు. తన ఊళ్లో అన్నయ్య దగ్గర ఉన్న ట్రాక్టరును ఇలా చేసి ఇవ్వగలరా అని అడిగాడు. అంతవరకు నేను ఇంకొకరి కోసం ఒక్కటీ చేయలేదు, కళ్లతో చూడనిదీ చేయలేదు. అయినా సరేనన్నాను. ఆయన అన్నయ్య ఫోనులో కొలతలు చెప్పాడు, నేను రాసుకున్నాను. ఒక్కో కొలత రెండుసార్లు అడిగేసరికి ఆయన కొంచెం విసుక్కున్నాడు. వెనక ఏం వేసుకుని తిరుగుతారని అడిగితే, ఇప్పుడు నాట్లకు ముందు మడి దున్నే దమ్ము రోజులు, వెనక ఏమీ ఉండదన్నాడు. టైర్లు తీసేసి మొత్తం ఇనుప చక్రాలే పెడతామన్నాడు. గొడుగు కమ్మీలు వంచి ఆ చక్రాలు చేశాను. పూర్తయ్యాక నల్లమట్టి కోసం ఆయన్నే అడిగితే, ఒక బస్సు డ్రైవరు చేత పొట్లం కట్టి పంపించాడు.

ఇచ్చేముందు రోజు అది బల్ల మీద ఆరుతుంటే పెద్దబాపు వచ్చాడు. ఈసారి చాయ్ గ్లాసు పక్కన పెట్టి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మా దగ్గర టైర్లు ఉంచి, వాటి పక్కన ఇనుప చక్రాలు బిగిస్తారు. టైర్లే లేకపోవడం ఆయనకు నచ్చలేదు.

"టైర్లు తీసేస్తే మల్ల రోడ్డు మీదికి ఎట్ల వస్తరు?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. కనుక్కొమ్మన్నాడు. అక్కడే ఉండి మేనేజరుకు ఫోను చేశాను. చేలోనే ఉంచేస్తామండీ, నాట్లయ్యేదాకా ట్రాక్టరు బయటికి రాదు అని చెప్పాడాయన. అదే పెద్దబాపుకు చెప్పాను. ఆయన ట్రాక్టరును ఇటు తిప్పి అటు తిప్పి, ఇనుప చక్రం మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించాడు.

"గట్లయితే సరే" అని, దాన్ని బల్ల మీద పెట్టి చాయ్ అందుకున్నాడు.